పై అర, కింది అర

ఫిబ్రవరి 18, బుధవారం

గువ్వా,

నీ నోటుబుక్కు తీసుకున్నాను. కోప్పడకు. నువ్వు రాసింది నాలుగు పేజీలే, మిగతాదంతా ఖాళీ. నాకు రాయడం అలవాటు లేదని నీకు తెలుసు కదా. ఐదో తరగతితో ఆగిన చదువు. గీత మీద నడుద్దామనుకుంటే నా అక్షరాలు మెట్లు దిగిపోతున్నాయి.

నిన్న వెనక గది తలుపు తీశాను. నువ్వు రోడ్డు దాటుతూ బండి గుద్ది పోయిన ఆ గురువారం నుంచి ఎవరూ తీయలేదు. తీసేసరికి రెండు అరల్లోనూ లైట్లు వెలుగుతున్నాయి. నువ్వు పెట్టిన టైమరు. ఇంట్లో మనిషి పోయిందని దానికెవరూ చెప్పలేదు మరి. పొద్దున ఆరింటికి వెలిగి, రాత్రి ఎనిమిదింటికి ఆరిపోతూనే ఉంది. టమాటా నారు తలలు వేలాడేసింది. పన్నెండు కుండీలకీ నీళ్లు పోశాను. సాయంత్రానికల్లా లేచి నిలబడింది. నాకు దాని మీద ఎంత కోపం వచ్చిందో. ఇంత తేలికా, లేచి నిలబడడం?

మొదటి పేజీలో నువ్వు రాసింది ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. "పై అర: ఖరీదు లైటు, ఆరు కుండీలు. కింది అర: చవక బల్బు, ఆరు కుండీలు. మట్టి ఒకటే, నీళ్లు ఒకటే, రోజుకి పద్నాలుగు గంటలు. నలభై రోజులు. అమ్మ ఓడిపోతుంది."

ఫిబ్రవరి మూడున మొదలుపెట్టావు. నలభయ్యో రోజు మార్చి పద్నాలుగు అవుతుంది. వేళ్ల మీద రెండుసార్లు లెక్కపెట్టాను. నువ్వు మొదలుపెట్టింది నేను పూర్తి చేస్తాను. రాయడం అందుకే, ఇంకెందుకూ కాదు.

ఫిబ్రవరి 19

టేపుతో కొలిచాను. పైన మూడంగుళాలు. కింద నాలుగున్నర.

టేపు తప్పేమో.

ఫిబ్రవరి 20

టేపు తప్పు కాదు.

ఫిబ్రవరి 21, శనివారం

పనిలోకి వెళ్లాను. లాండ్రీలో అందరికంటే పాతమనిషి పెద్దక్క నన్ను చూసి, "ఇంకో వారం ఇంట్లో ఉండలేకపోయావటే?" అంది. "ఇంట్లో ఉండి ఏం చేయను పెద్దక్కా, గోడలు లెక్కపెట్టనా?" అన్నాను. ఇద్దరం దుప్పటికి చెరో కొస పట్టుకోవాలి, దూరం జరగాలి, దగ్గరికి రావాలి, మళ్లీ దూరం జరగాలి. రోజంతా అదే పని. మధ్యలో నా కొస వదిలేశాను. "ఎక్కడున్నావే తల్లీ?" అంది. వెనక గదిలో ఉన్నానని చెప్పలేదు.

ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండా కుండీల దగ్గరికి వెళ్లాను. ఒక నిమిషం పై అర చూస్తాను, ఒక నిమిషం కింది అర చూస్తాను. ముందు గదిలోకి పోతాను. మళ్లీ వస్తాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచానో తెలియదు. కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

మీ నాన్న బేకరీకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగారు.

"ఏమే, ఒంట్లో బాగుందా?"

"బాగుంది. మీకు ఆలస్యమవుతోంది."

వెళ్లిపోయారు. రాత్రంతా రొట్టెలు చేయడం, పొద్దున వచ్చి పడుకోవడం, మధ్యాహ్నం లేవడం. ఇన్ని రోజుల్లో ఆయన కంట ఒక్క చుక్క చూడలేదు నేను. ఏ మట్టితో చేశారో ఆ మనిషిని.

ఫిబ్రవరి 23, సోమవారం

ఇవాళ రాసేస్తాను. రాయకపోతే గొంతులోనే ఉండిపోతుంది.

నువ్వు ఆ లైటు పెట్టె చంకలో పెట్టుకుని వచ్చిన సాయంత్రం నీ మొహం ఎలా వెలిగిపోయిందో నాకు ఇప్పటికీ కనిపిస్తోంది. నేను పెట్టె మీది ధర చూశాను. నీ మొహం తర్వాత చూశాను.

"బల్బు బల్బే కదే! ఖరీదుదైతే కొమ్ములుంటాయా?"

"ఇది మొక్కల కోసమే చేసిందమ్మా. కిటికీ లేని గదిలో ఇదే వాటికి ఎండ."

"ఆహా, ఎండ కూడా కొనుక్కొచ్చే రోజులొచ్చాయన్నమాట. ఉన్న చవక బల్బుకేమైంది?"

"దాంతో నారు బాగా రావట్లేదు. బాగా వస్తే నలుగురికీ అమ్ముకోవచ్చు. పనిలో రోజంతా కౌంటరు వెనక నిలబడి కాళ్లు వాచిపోతున్నాయి, చూస్తున్నావుగా."

అప్పుడైనా నేను ఆగాల్సింది. ఆగలేదు. "పోయి తిరిగిచ్చెయ్. మన బతుకులకి చవకది చాలు" అన్నాను.

పెట్టె మీది అట్టను గోటితో గీకుతూ నిలబడ్డావు. తర్వాత, "నీకు ఏదైనా చవకదే చాలమ్మా. నా బడి దగ్గర్నుంచీ అంతే. నేనూ నీకు చవకే" అన్నావు.

మర్నాడు రెండు అరలూ సర్దావు. నాతో చెప్పలేదు. ఆ పది రోజులూ మన మధ్య "తాళం ఎక్కడ", "అక్కడే" తప్ప మాటల్లేవు. మీ నాన్న పగలు పడుకునే మనిషి, ఆయన కనిపెట్టలేదు. గురువారం పొద్దున గుమ్మంలోంచి "వెళ్తున్నా" అన్నావు. నేను బట్టలు ఉతుకుతున్నాను. తల తిప్పలేదు. "ఊ" అన్నాను.

నీతో నేను అన్న ఆఖరి మాట అది. మాట కూడా కాదు.

ఇది ఎవరికీ చెప్పలేదు. మీ నాన్నకి అసలు చెప్పలేదు. పుస్తకం అల్మారాలో బట్టల కింద పెడుతున్నాను.

ఫిబ్రవరి 24

కింద ఆరంగుళాలు. పైన నాలుగు.

నేను గెలుస్తున్నాను గువ్వా. ఏం చేయను?

ఫిబ్రవరి 25

పై అర కుండీలకి కొంచెం నీళ్లు ఎక్కువ పోశాను. కొంచెమే. పైన వేడి ఎక్కువ ఉంటుంది కదా, తొందరగా ఆరిపోతాయి. నువ్వున్నా పోసేదానివే.

ఫిబ్రవరి 26

ఎరువు గుళికలు తెచ్చాను. పన్నెండు కుండీలకీ వేద్దామనే తెచ్చాను. పైవాటికి వేసేసరికి అయిపోయాయి.

ఫిబ్రవరి 27

పై అరలో రెండు మొక్కల కింది ఆకులు పసుపుపచ్చగా అయ్యాయి. నీళ్లు ఎక్కువై కాదు. నేనేమీ ఎక్కువ పోయలేదు.

ఫిబ్రవరి 28, శనివారం

ఉండబట్టక పైనుంచి ఒక కుండీ, కింద నుంచి ఒక కుండీ సంచిలో పెట్టుకుని నువ్వు లైటు కొన్న షాపుకి వెళ్లాను. కళ్లజోడు నుదుటి మీదికి పెట్టుకుని, అది ఎక్కడుందా అని బల్లంతా వెతుక్కునే మనిషి. విత్తనాలకి వెళ్లొచ్చినప్పుడల్లా నువ్వు చెప్పి నవ్వేదానివి కదా, నిజంగానే అలా ఉన్నాడు.

"తమ్ముడూ, మీరు మా అమ్మాయిని మోసం చేశారు" అన్నాను.

"రావడం రావడమే కేసు పెట్టేస్తున్నారేంటమ్మా! ఏ అమ్మాయి?"

లైటు సంగతి చెప్పాను. వెంటనే గుర్తుపట్టాడు. "ఓ, ప్రశ్నల అమ్మాయా! గంటసేపు నా బుర్ర తినేసి గానీ కొనలేదు. రాలేదేం?"

"ఊళ్లో లేదు" అన్నాను.

ఎందుకు అలా అన్నానో తెలియదు. నోటికి అదే వచ్చింది.

రెండు కుండీలూ బల్ల మీద పెట్టాను. "చూడండి. చవక బల్బు కిందది ఎంత పొడుగుందో. మీ ఖరీదుదాని కింద ఇంతే."

ఆయన రెండింటినీ కాడ దగ్గర పట్టుకుని చూశాడు. పొడుగుదాన్ని వేలితో ఇలా నెట్టాడు, అది అటు వాలిపోయింది. పొట్టిదాన్ని నెట్టాడు, అది కదల్లేదు.

"పొడుగు చూసి మురిసిపోకండమ్మా. ఇది పెరగలేదు, మెడ చాచింది. వెలుతురు సరిపోక ఎక్కడుందో అని వెతుక్కుంటోంది. పొడుగు కొలవకూడదు, కాడ లావు చూడాలి. ఆకు రంగు చూడాలి. ఈ పొట్టిది పహిల్వాను. కాకపోతే నీళ్లు పోసి దీన్ని ముంచేస్తున్నట్టున్నారు."

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అయితే ఖరీదుదే మంచిదా?"

"అమ్ముకునేవాణ్ని, మంచిదనే చెప్తాను" అని నవ్వాడు. "నిజం చెప్పాలంటే, చవకదాన్ని కూడా మొక్కకి జానెడు దూరంలోకి దించి ఇంకో రెండు గంటలు వెలిగిస్తే నాలుగైదు కుండీల వరకూ బాగానే పనిచేస్తుంది. అరంతా సమానంగా వెలుగు పరచాలంటే మాత్రం ఖరీదుది కావాలి. ఎక్కువ కాలం మన్నుతుంది కూడా. మీ అమ్మాయికి ఇదంతా తెలుసమ్మా. కొన్న మర్నాడు మళ్లీ వచ్చి, ఆ చవక బల్బు దించను, అలాగే ఉంచుతాను, తేడా తెలియాలి అని తనే అంది. ఎవరినో ఒప్పించాలట."

రోడ్డు మీదికి వచ్చాక ఎటు వెళ్లాలో కాసేపు గుర్తురాలేదు.

మార్చి 1, ఆదివారం

నేను ఓడిపోయాను. ఓడిపోయాను గువ్వా. నువ్వు చెప్పిందే నిజం. నేల తుడిచాను. గిన్నెలన్నీ తోమాను. తోమినవి మళ్లీ తోమాను. మీ నాన్న, "ఏంటే ఇవాళ ఇంత హుషారు?" అన్నారు. ఏమీ లేదన్నాను. చాలా రోజులకి నిద్ర పట్టింది.

పై అరకి నీళ్లు తగ్గించాను. ఇక నుంచి అన్నిటికీ సమానమే, ఒట్టు.

మార్చి 4

కింది అర మొక్కలు ఇదివరకటిలా వాలట్లేదు. వేలితో నెట్టి చూశాను. నా వేలే సరిగ్గా తగల్లేదేమో.

మార్చి 6

కాడ లావు కొలవడానికి దారం చుట్టి చూస్తున్నాను. కిందవి లావెక్కుతున్నాయి. ఆకులు ముదురు రంగుకి తిరిగాయి. బల్బు అదే, నీళ్లు అవే. ఎందుకు? ఒక రోజు అన్నీ కుడిపక్కకి వాలి ఉంటాయి, ఇంకో రోజు ఎడమపక్కకి. గదిలో గాలి కూడా ఆడదు. షాపాయన అబద్ధం చెప్పాడా? పనిలో మూడుసార్లు దుప్పటి కొస వదిలేశాను. పెద్దక్క ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

మార్చి 8, ఆదివారం

మీ నాన్నకి సెలవు. ముందు గదిలో కూర్చుని చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నారు. ఉన్నట్టుండి, "ఎలా ఉన్నాయే మొక్కలు?" అన్నారు. ఇన్ని రోజులూ ఒక్కసారి కూడా అడగని మనిషి.

"ఉన్నాయి."

"కింది అరవే బాగున్నట్టున్నాయి, నా కంటికి."

నాకు ఒళ్లు మండింది. "మీకేం తెలుసు మొక్కల సంగతి?"

"రొట్టెలు చేసేవాణ్ని. ఏది పొంగుతోందో, ఏది అణిగిపోయిందో నాకు తెలియదా?"

"రొట్టెల దగ్గర చూపించుకోండి మీ తెలివి. పైవే బాగున్నాయి."

"సరేలే. చవకదైనా తక్కువేం కాదని అంటున్నా, అంతే."

అక్కడి నుంచి లేచి వెళ్లిపోయాను. తక్కువేం కాదట. ఆ మాట నా దగ్గర ఎందుకు అనాలి ఆయన? నువ్వు పోయావన్న బాధ కూడా లేదు ఆ మనిషికి, బల్బుల గురించి ఆరిందాలా మాట్లాడుతున్నారు. నేను ఒక్కదాన్నే మోస్తున్నాను. ఒక్కదాన్నే.

మార్చి 9

కిందవే బాగున్నాయి. ఇంక అబద్ధం ఆడలేను.

మార్చి 11, బుధవారం

ఎదురు బిల్డింగులో ఉండే వదిన మెట్ల దగ్గర కనిపించింది. నీకు తెలుసుగా, మన కిటికీ ఆమెకి టీవీ.

"ఏం వదినా, అన్నయ్యగారు కొత్త ఉద్యోగంలో చేరినట్టున్నారే!"

"ఏ ఉద్యోగం?"

"మొక్కలకి ఎండ కాయించే ఉద్యోగం. రోజూ పన్నెండయ్యేసరికి కుండీలన్నీ వరసగా కిటికీలో పెడతారు. పక్కనే కింద కూర్చుంటారు. ఎండ జరిగినప్పుడల్లా వాటిని జరుపుతారు. మా ఇంట్లో ఉన్నాయన నన్ను కూడా అంత శ్రద్ధగా చూసుకోలేదు, ఒట్టు!"

"అన్నీనా?" అన్నాను.

"ఆరు. నేను లెక్కపెట్టాగా. నువ్వొచ్చే వేళకి ముందే లోపలికి తీసుకుపోతారు. నీకు తెలియదా?" అని, నా మొహం చూసి, "అయ్యో, నేనేమైనా అనకూడనిది అన్నానా?" అంది.

లేదన్నాను. మెట్లు ఎక్కుతూ కడ్డీ పట్టుకున్నాను.

ఆరు. ఏ ఆరో అడగక్కర్లేదు.

మార్చి 12, గురువారం

నడుం నొప్పి అని చెప్పి మధ్యాహ్నం పనిలోంచి వచ్చేశాను. తలుపు దగ్గరికి వేసి ఉంది. సందులోంచి చూశాను.

రాత్రంతా పొయ్యి ముందు నిలబడి వచ్చిన మనిషి. నిద్రపోవాల్సిన వేళ. కిటికీ కింద నేల మీద కాళ్లు చాపుకుని కూర్చున్నారు. ఆరు కుండీలూ ఎండలో ఉన్నాయి. తల వాలిపోతోంది, ఉలిక్కిపడి లేస్తున్నారు, కుండీలు ఇంత పక్కకి జరుపుతున్నారు, మళ్లీ తల వాలిపోతోంది. ఎంత చిక్కిపోయారో! మెడ దగ్గర చొక్కా వదులుగా వేలాడుతోంది. నెల రోజులుగా నేను ఆయన్ని చూడనే లేదు.

మొక్కలతో మాట్లాడుతున్నారు.

"ఇంకా రెండే రోజులమ్మా. కాస్త గట్టిగా నిలబడండి. మీ అమ్మ మాటే నెగ్గాలి. ఆ ఒక్క మాట అన్నందుకు అది రోజూ తనని తనే కొట్టుకుంటోంది. అది అన్నది తప్పు కాదని తేలాలి. గువ్వా, నువ్వు ఓడిపోతే ఏమైందే, పిచ్చిదానా. నువ్వు ఏమీ అనుకోవు."

అప్పుడు ఏడ్చారు. చొక్కా కొసతో మొహం మూసుకుని, చప్పుడు రాకుండా. అలవాటైన మనిషిలా ఏడ్చారు.

చప్పుడు చేయకుండా మెట్లు దిగిపోయాను. సాయంత్రం దాకా వీధుల వెంట తిరిగాను.

ఏ మాట అన్నానో నేను ఎవరికీ చెప్పలేదు. ఒక్క ఈ పుస్తకానికే చెప్పాను.

మార్చి 13

మీ నాన్న బేకరీకి వెళ్తూ, "రేపటికి నలభై రోజులు కదే?" అన్నారు.

"మీకెలా తెలుసు?"

గోడకేసి చూశారు. "ఏదో... లెక్కపెట్టుకున్నా."

నాకు నవ్వొచ్చింది గువ్వా. నిజంగా నవ్వొచ్చింది. అబద్ధం ఆడడం ఆ మనిషికి పెళ్లైన ఇన్నేళ్లలో రాలేదు.

మార్చి 14, శనివారం

గువ్వా, నలభై రోజులు అయ్యాయి. కొలవలేదు. కొలిచి ఏం లాభం? పైవాటికి నేను దొంగచాటుగా నీళ్లూ ఎరువూ పోశాను. కిందవాటికి మీ నాన్న దొంగచాటుగా ఎండ పోశారు. నీ పందెం ఇద్దరం కలిసి పాడుచేశాం. నువ్వుంటే నడుం మీద చేతులు పెట్టుకుని ఇద్దరినీ కలిపి తిట్టేదానివి.

ఇక్కడ నుంచి నీకు కాదమ్మా. కాసేపు పక్కకి జరుగు.

ఏమండీ, మీరు ఇది చదువుతున్నారని నాకు తెలిసింది. కోపం లేదు. ఇరవై మూడో తేదీ పేజీ అంచు నలిగిపోయి ఉంది, ఇవాళే చూశాను. ఎన్నిసార్లు చదివారో.

నేను అన్నది తప్పు కాదని తేల్చాలనుకున్నారు కదా. మొన్న తలుపు సందులోంచి విన్నాను. మీ ముందు చెప్పలేను, అందుకే ఇక్కడ రాస్తున్నాను, ఎలాగూ చదువుతారు. నన్ను గెలిపించకండి. నేను గెలిస్తే నేను అన్న ఆ మాట నిజమైపోతుంది. మన బతుకులకి చవకది చాలని. మనకి చాలుతుందేమో. దానికి చాలదండీ. దానికి ఏదీ చవకది చాలదు. అది నాకు ఆ రోజే తెలుసు. తెలిసే అన్నాను, భయంతో అన్నాను, చేతిలో లేనిది ఆశపడి దెబ్బ తింటుందేమోనని. ఆ సంగతి దానికి చెప్పడానికి నాకు పది రోజులు దొరికాయి. చెప్పలేదు. ఆ పది రోజులు ఏ బల్బూ తిరిగి తేలేదు. మీరూ తేలేరు. మీరు తేవాలని చూశారే, అది చాలు నాకు.

మీరు ఏడవలేదని ఈ పుస్తకంలో రాశాను. అది కూడా చదివి ఉంటారు. చదివి కూడా పోయి కిటికీ కింద కూర్చున్నారు. క్షమించమని అడగడం నాకు రాదు. అర్థం చేసుకోండి.

ఇవాళ చవక బల్బుని జానెడు కిందికి దించాను, షాపాయన చెప్పినట్టే. వెళ్లి ఆయనకి నిజం కూడా చెప్పొచ్చాను, అమ్మాయి ఊళ్లో లేకపోవడం కాదని. కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు పాపం. పన్నెండు కుండీలూ కలిపేశాను. ఏది పైదో, ఏది కిందదో నాకే తెలియదు ఇప్పుడు. మీరూ వెతకొద్దు. నారు ముదిరిపోతోంది, పెద్ద కుండీల్లోకి మార్చాలి. రేపు మీకు సెలవు, ఇద్దరం కూర్చుని మారుద్దాం. మిగిలితే ఎదురింటి వదినకి రెండిద్దాం, ఊరికే చూసినందుకు.

రేపటి తర్వాత మాత్రం మధ్యాహ్నాలు పడుకోండి. చిక్కి సగమైపోయారు. నేను మార్కెట్టుకి వెళ్తున్నాను, వచ్చేసరికి చీకటి పడుతుంది. వండి పెట్టాను, గిన్నె మీద మూత ఉంది, ఇంకా వేడిగానే ఉంటుంది. నా కోసం ఆగకండి, నాకని మిగల్చకండి. బేకరీకి వెళ్లే ముందు కూర్చుని, కడుపునిండా తినండి.